దొరతనమువారి అనుజ్ఞ: నెల్లూరు తీరమున పరదేశి పంతుళ్లు

దక్షిణమున ప్రళయకావేరి యని మనవారు పిలుచుకొను పులికాటు సరస్సు మొదలుకొని, స్వర్ణముఖియు పెన్నయు సాగరమున గలియు సంగమస్థలములను దాటి, ఉత్తరమున రామాయపట్నము వరకు వ్యాపించిన నెల్లూరు తీరమునుండి నేడు ఏటేటా ఎందరో యువతీయువకులు ఆంగ్లభాషా పరీక్షలలో ఉత్తీర్ణులై, వీసాల కొరకు పరదేశ రాయబార కార్యాలయముల వాకిండ్ల నిలిచి, సముద్రములు దాటి పోవుచున్నారు. వారి నిరీక్షణమును, వారి తల్లిదండ్రుల ఆందోళనమును మనమందరమును ఎరుగుదుము. కాని ఒకప్పుడు ఇదే తీరమునకు చదువు చెప్పవలెనని వచ్చిన పరదేశీయులు, ఇట్లే దొరతనమువారి అనుజ్ఞకై సంవత్సరముల తరబడి వేచియుండిరనియు, అది లభింపక కొందరు ఓడలెక్కి మరలిపోయిరనియు, లభించినవారిలో కొందరు దానిని మరల కోల్పోయిరనియు మన చరిత్రగ్రంథములలో ఒకచోట కూర్చి చెప్పినవారు అరుదు. ఆ కథను చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ తీరమున ఆంగ్లేయులు మొట్టమొదట అడిగినది చదువు చెప్పుటకు అనుజ్ఞ కాదు, సరకు కొనుటకు అనుజ్ఞ. పులికాటున డచ్చివారు 1613 నాటికే కోట కట్టుకొని స్థిరపడియుండుటచే అచ్చట నిలువనీడ దొరకని ఆంగ్ల వర్తకులు, 1626 ప్రాంతమున దుగరాజపట్నమున స్థానిక ప్రభువుల సమ్మతిపై ఒక వర్తకశాలను నెలకొల్పిరి. ఆ స్థలము సంపాదించుటలో తమకు తోడ్పడిన ఆరుముగ మొదలియారు పేర వారు దానిని ఆర్మగాన్ అని వ్యవహరించిరి. కోరమాండల తీరమున ఆంగ్లేయులు ఫిరంగులు పెట్టి కోటగా బలపరచుకొనిన తొలి స్థానము ఇదియే. అచ్చటి అధికారియైన ఫ్రాన్సిస్ డే, వ్యాపారము సాగక, దక్షిణముగా చూపు సారించి, 1639 ఆగస్టు 22వ తేదీన దామెర్ల వెంకటాద్రి నాయకుని వలన చెన్నపట్టణపు భూమిని పొందిన వృత్తాంతము లోకవిదితము. అనగా ఆ కాలమున అనుజ్ఞ యిచ్చువారు మనవారు, చేతులు కట్టుకొని అడుగువారు ఆంగ్లేయులు. నూటయరువది సంవత్సరములలో ఈ సంబంధము తలక్రిందులైనది. 1801 జూలై 31వ తేదీన కర్ణాటక నవాబుతో జరిగిన సంధిచే నెల్లూరు సీమ సర్వాధికారములతో ఈస్టిండియా కుంపిణీవారి వశమయ్యెను. అటుపిమ్మట ఈ తీరమున ఎవడు దిగవలెనో, ఎవడు దిగరాదో నిర్ణయించుట లండను నగరమునందలి డైరెక్టర్ల చేతిలోనికి పోయెను.

కుంపిణీవారు తమ కొలువులో లేని ఐరోపీయుడు ఎవడును తమ రాజ్యమున అడుగిడుటకు ఇష్టపడలేదు. వర్తకపు గుత్తకు భంగము కలుగునన్నది మొదటి భయము. మతబోధకులు వచ్చి ప్రజల మనస్సులను కలతపెట్టినచో సిపాయిలు తిరుగబడుదురన్నది రెండవ భయము. 1806 జూలైలో వేలూరు కోటలో జరిగిన సిపాయిల తిరుగుబాటు ఈ రెండవ భయమును పదింతలు చేసెను. అంతకు ముందే, 1793లో మతబోధకుడైన విలియం కేరీ కుంపిణీవారి లైసెన్సు లేని కారణమున ఆంగ్లేయుల ఓడనుండి దింపివేయబడి, డేనుల ఓడలో వంగదేశము చేరి, కొంతకాలమునకు డేనుల పాలనలోని శ్రీరామపురమున ఆశ్రయము పొందెను. ఆ కేరీయే 1814లో తెలుగు వ్యాకరణమును ప్రకటించెను. ఆంగ్లేయ ప్రభుత్వము కాలుమోపనీయని మనుష్యుడు డేనుల నీడన కూర్చుండి మన భాషకు వ్యాకరణము వ్రాయుట ఆ కాలపు పరిస్థితిని చక్కగా తెలుపుచున్నది.

అమెరికనుల పాట్లు ఇంతకంటె కఠినములు. వారికి లండనులో చెప్పుకొనదగిన ప్రభువులు లేరు. పైగా 1812లో అమెరికాకును ఇంగ్లండునకును యుద్ధము ఆరంభమయ్యెను. ఆ సంవత్సరమున జూన్ మాసమున మతబోధకులైన ఎడోనిరాము జడ్సను దంపతులు కలకత్తా చేరినంతనే దేశము విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చెను. వారు మారిషసు ద్వీపమునకు పోయి, అచ్చటనుండి 1813 జూన్‌లో చెన్నపట్టణమునకు వచ్చి, తమ రాక వార్త కలకత్తాకు చేరి మరల ఉత్తర్వు వచ్చులోపల ఏ ఓడ దొరకిన ఆ ఓడ నెక్కుటయే మేలని తలచి, రంగూనుకు పోవు జార్జియానా అను ఓడనెక్కిరి. ఆ విధముగా జడ్సను బర్మాదేశమున ప్రసిద్ధి గాంచెను. లైసెన్సు లేని భయమొకటి లేకున్నచో ఆయన పరిశ్రమ ఏ తీరమున ఫలించియుండునో ఊహించుట ఆసక్తికరము. ఆయన చెన్నపట్టణమున గడపిన ఆ కొలది దినములలో, ఇంచుమించు నూరు మైళ్ల దూరమున నెల్లూరు ఉండెను.

1813వ సంవత్సరపు చార్టరు చట్టము తలుపును కొంత తెరచెను. ప్రజలకు ఉపయోగకరమైన జ్ఞానమును, నీతిని, మతమును బోధింపగోరి వచ్చువారు డైరెక్టర్లకు అర్జీ పెట్టుకొనవచ్చుననియు, డైరెక్టర్లు నిరాకరించినచో పై అధికారులైన బోర్డు ఆఫ్ కంట్రోలువారు లైసెన్సు ఇప్పింపవచ్చుననియు అందు ఏర్పాటు చేసిరి. విద్యాభివృద్ధికై సంవత్సరమునకు లక్ష రూపాయలకు తక్కువ కాకుండ వెచ్చింపవలెనన్న ప్రసిద్ధమైన నిబంధనయు ఆ చట్టములోనిదే. అయినను లైసెన్సు పొందినవాడు సైతము కుంపిణీవారి దయకు లోబడినవాడే. సత్ప్రవర్తన లేదని తోచినచో లైసెన్సును రద్దు చేసి ఓడనెక్కించుటకు గవర్నరులకు అధికారముండెను.

ఈ లైసెన్సుల రాకపోకలతో నిమిత్తము లేకయే మనవారు ఆంగ్లమును నేర్చుకొనుచుండిరన్న విషయమును ఇచ్చట మరువరాదు. నాటి నెల్లూరు సీమలోని ఒంగోలు ప్రాంతమున 1784లో జన్మించిన వెన్నెలకంటి సుబ్బారావు, అచ్చట మిషను పాఠశాలలు పుట్టకముందే ఆంగ్లమునందును, పలు దేశభాషలయందును ప్రవీణుడై, కుంపిణీ కచ్చేరీలలో చిన్న కొలువులతో ఆరంభించి, చెన్నపట్టణపు సదరు అదాలతు న్యాయస్థానమున ప్రధాన భాషాంతరీకరణోద్యోగి కాగలిగెను. 1820లో ఏర్పడిన మద్రాసు స్కూలుబుక్కు సొసైటీలో ఆయన సభ్యుడు. మన వీథిబడులలో బాలురు అర్థము తెలియకయే పద్యములను వల్లెవేయుచున్నారనియు, భాషను భావముతో నేర్పవలెననియు ఆయన ఆ సంఘమునకు నివేదించెను. ఆయన ఆంగ్లమున వ్రాసికొన్న స్వీయచరిత్ర ఆయన గతించిన చాలకాలమునకు, 1873లో, ముద్రితమయ్యెను. ఆంగ్లమున స్వీయచరిత్ర వ్రాసిన తొలి భారతీయులలో ఆయన యొకడు. చదువు ఎట్లు చెప్పవలెనో ఇంత స్పష్టముగా ఆలోచించిన మనుష్యుడు మన మధ్యనే యుండగా, ప్రభుత్వమువారు ఎవరిని రానీయవలెనను తర్జనభర్జనలలో మునిగియుండిరి.

1833వ సంవత్సరపు చార్టరు చట్టమునందలి 81వ ప్రకరణము ఈ కథకు కీలకము. రాజుగారి ప్రజగా జన్మించిన వాడెవడైనను సుంకపు కచ్చేరీ గల రేవునకు సముద్రమార్గమున రావచ్చుననియు, 1800వ సంవత్సరము జనవరి 1వ తేదీ నాటికి కుంపిణీ పాలనలో నున్న ప్రదేశములందు లైసెన్సు లేకయే నివసింపవచ్చుననియు అది శాసించెను. ఇంతటితో ఆగినచో నెల్లూరు ఆ సౌకర్యమునకు వెలుపల నుండిపోవలసినదే, ఏలనన నెల్లూరు పూర్తిగా కుంపిణీ వశమైనది 1801లో గదా! కాని చట్టకర్తలు కర్ణాటక నవాబు ఇచ్చివేసిన సీమలను ప్రత్యేకముగా పేర్కొని అందు చేర్చిరి. ఆ కొలది మాటల వలన నెల్లూరు మండలము లైసెన్సు అక్కరలేని భూభాగమయ్యెను. తక్కిన క్రొత్త రాజ్యములలో చాలవానియందు నివసించుటకు లైసెన్సు కావలసియే యుండెను. ఇక వచ్చినవాడు చేయవలసిన దొక్కటియే: ఓడ దిగగానే సుంకపు అధికారికి తన పేరును, తాను పోవు చోటును, తాను చేయదలచిన పనిని వ్రాతమూలముగా తెలుపుట. ఆ మూడు ప్రశ్నలను గమనింపుడు. ఎవడవు, ఎచ్చటికి, ఎందులకు? నీకేమి తెలియును, నీవేమి నేర్పగలవు అన్న ప్రశ్న అందు లేదు. ఆనాటినుండి నేటివరకు ఈ దేశమున పరదేశి గురువును ప్రశ్నించిన ప్రభుత్వములన్నియు ఈ నాలుగవ ప్రశ్నను అంతగా పట్టించుకొనలేదని నా యభిప్రాయము.

ఈ చట్టము అమలునకు వచ్చిన మరుసటి సంవత్సరమే, 1835 సెప్టెంబరులో, సామ్యూల్ ఎస్. డే అను యువకుడు అమెరికను బాప్టిస్టు సంఘము పక్షమున బోస్టను రేవున ఓడనెక్కెను. ఒరిస్సాలో పనిచేయుచుండిన ఆంగ్లేయ బాప్టిస్టు ఆమోస్ సట్టన్ తెలుగుదేశమును గూర్చి అమెరికనులకు పదేపదే చెప్పి వారిని ప్రేరేపించెను. 1836 ఆరంభమున కలకత్తా చేరిన డే, విశాఖపట్టణమునను, శ్రీకాకుళమునను కొంతకాలముండి, 1837లో చెన్నపట్టణమునకు పోయి, తుదకు 1840లో నెల్లూరున స్థిరపడెను. డే జన్మస్థానము ఎగువ కెనడా. 1808లో ఆంగ్ల రాజుగారి ఏలుబడిలో పుట్టి, అమెరికను సంఘము తరఫున వచ్చిన ఈ మనుష్యుడు చట్టపు మాటలను బట్టి చూచినచో రాజుగారి ప్రజయే యగును. జడ్సనును ఓడనుండి ఓడకు తరిమిన ప్రభుత్వము ముప్పదియేండ్లు గడచులోపల డేను నెల్లూరున ఇల్లు కట్టుకొననిచ్చుటకు కాలమే గాక చట్టమును మారియుండుట కారణము.

అయితే డేకును, 1849లో ఆయన స్వదేశమునుండి మరలి వచ్చినప్పుడు వెంట వచ్చిన లైమన్ జూయెట్టునకును ఆంగ్లబోధనము ప్రధానోద్దేశము కాదు. వారు తెలుగు నేర్చుకొని తెలుగుననే బోధింపగోరిరి. ఆంగ్లము కావలెనని అడిగినది మనవారే. కచ్చేరీ ఉద్యోగములు ఆంగ్లము వచ్చినవారికి దక్కునని నెల్లూరు గృహస్థులకు బాగుగా తెలియును. ఆ కోరికను గుర్తించినవారు స్కాట్లండు మిషనువారు. 1837లో చెన్నపట్టణమున జాన్ ఆండర్సను స్థాపించిన పాఠశాల, తరువాత క్రైస్తవ కళాశాలగా పెరిగిన ఆ విద్యాలయము, కంచి, చెంగల్పట్టులతోపాటు నెల్లూరునను తన శాఖ నొకదానిని తెరచెను. బైబిలుతోపాటు ఆంగ్లము, గణితము, భూగోళము నేర్పు ఆ బడికి బ్రాహ్మణ బాలురును, వైశ్య బాలురును పోయి, చదువును స్వీకరించి, మతము విషయమున తమ తావున తాము నిలిచిరి.

ప్రభుత్వపు అనుజ్ఞ యొకటి, ఊరివారి అనుజ్ఞ వేరొకటి. ఈ సంగతి ఒంగోలున స్పష్టముగా వెల్లడియయ్యెను. 1904లో గుంటూరు మండలము ఏర్పడువరకు ఒంగోలు నెల్లూరు మండలములోనిదే. 1866లో అచ్చటికి వచ్చిన అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌను ఆ పట్టణపు బ్రాహ్మణ గృహస్థులు ఆంగ్ల పాఠశాల పెట్టుమని కోరిరి. ఆయన పెట్టెను. పిల్లలు వచ్చిరి. కాని యెర్రగుంట్ల పేరయ్య మొదలైన మాదిగ కుటుంబములవారు క్రైస్తవులై క్లౌ వద్దకు రాసాగగానే, వారి నిచ్చట చేర్చుకొన్నచో మా పిల్లలను పంపమని పెద్దలు తెగవేసి చెప్పిరి. చట్టప్రకారము ఆయనను పొమ్మను అధికారము వారికి లేదు. అయినను విద్యార్థులు లేని పాఠశాల ఎట్లు నిలుచును? క్లౌ పేదల పక్షమున నిలిచెను. పాఠశాల మూతపడెను. ఏ దొరతనమువారి ముద్రయు లేని ఈ శాసనము, లండను నుండి వచ్చిన ఏ లైసెన్సు కంటెను బలవత్తరమైనదిగా ఆనాడు రుజువయ్యెను. మాదిగవాడల పిల్లలు అక్షరము నేర్చుటకు అనుజ్ఞ నీయవలసినవారు కలెక్టరులు కారు, వారి యిరుగుపొరుగు. ఈ విషయమును తలచినప్పుడెల్ల మనస్సు బాధపడును. దీనిని దాచి చరిత్ర వ్రాయుట న్యాయము కాదు.

విద్యావిధానమును గూర్చిన 1854 నాటి వుడ్ పత్రము తరువాత ప్రభుత్వమువారు ప్రైవేటు పాఠశాలలకు సహాయద్రవ్యము నిచ్చు పద్ధతి వచ్చెను. ద్రవ్యముతోపాటు ఇన్‌స్పెక్టరును వచ్చెను. హాజరుపట్టీలు, పరీక్షలు, ఉపాధ్యాయుల యోగ్యతాపత్రములు వచ్చెను. 1875లో నెల్లూరు హిందువుల పూనికతో వెలసి, తరువాత వెంకటగిరి రాజావారి పోషణలో వి.ఆర్. ఉన్నత పాఠశాలగా ప్రసిద్ధికెక్కి, కాలక్రమమున కళాశాలగా పెరిగిన విద్యాలయములో ఆంగ్లము చెప్పినవారు తెలుగువారును, తమిళులును. వారు సైదాపేటలో శిక్షణ పొంది, ఎల్.టి. అను ఉపాధ్యాయ పట్టమును సంపాదించి, ఇన్‌స్పెక్టరు ముందు పాఠము చెప్పి మెప్పించి, అప్పుడు గాని ఉద్యోగమున స్థిరపడెడివారు కారు. సుంకపు అధికారి పరదేశిని అడుగని నాలుగవ ప్రశ్నను మన పంతులుగారిని మాత్రము అడిగిరి. ఆయన దానికి సమాధానము చెప్పెను. పెన్నతీరమున ఆంగ్లము వ్యాపించుటకు కారకులు తలపాగా చుట్టుకొని, చాలీచాలని జీతముతో తరగతి గదిలో నిలిచిన ఈ మహనీయులేయని నా దృఢవిశ్వాసము. పరదేశీయులు ద్వారము తెరచిరి, మనవారు ఇల్లు నిలబెట్టిరి.

ఇక దక్షిణ నెల్లూరున జరిగిన కథ విషాదకరమైనది. 1864లో చేసిన మూడవ చట్టముతో ప్రభుత్వము పరదేశీయుని దేశమునుండి వెడలగొట్టుటకును, అవసరమని తోచిన ప్రాంతములలో లైసెన్సు లేనిదే సంచరింపరాదని శాసించుటకును అధికారము పొందెను. ఇంచుమించు ఆ కాలముననే జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గు లూథరను సంఘమువారు, అగస్తు మైలియస్ నాయకత్వమున, సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతములలో పనికి పూనుకొనిరి. గూడూరు, వాకాడు, వెంకటగిరి, శ్రీకాళహస్తుల వరకు వారి బడులును, ఆలయములును వ్యాపించెను. అర్ధశతాబ్ది పాటు వారిని ఎవరును ఏమియు అడుగలేదు. 1914లో ప్రపంచయుద్ధము వచ్చెను. నిన్నటివరకు బడిపిల్లల నడుమ తిరిగిన జర్మను గురువులు ఒక్కసారిగా శత్రుదేశీయులైరి. యుద్ధము చేయగల వయస్సు గల పురుషులను అహమదునగరు శిబిరమున నిర్బంధించిరి. 1915, 1916 సంవత్సరములలో ఈ దేశమునందలి జర్మను మిషనరీలను, వారి భార్యాబిడ్డలను ఓడనెక్కించి స్వదేశమునకు పంపివేసిరి. ఆ ఓడ పేరు గోల్కొండ. తెలుగు రాజధాని పేరు పెట్టుకొన్న ఓడలో, తెలుగు నేర్చి తెలుగువారికి చదువు చెప్పినవారు మరలిపోయిరి. వారి పాఠశాలలను అమెరికాలోని ఒహాయో సినడు అను లూథరను సంఘము స్వీకరించెను. ఆ వంశమున పెరిగినదే తిరుపతి కేంద్రముగా నున్న దక్షిణాంధ్ర లూథరను సంఘము. పంపివేయబడినవారు ఏ అపరాధమును చేసినట్లు విచారణ లేదు. వారి జన్మభూమియే వారి అపరాధము.

యుద్ధానంతరము కొన్నియేండ్లు జర్మనులకు భారతదేశ ప్రవేశమే నిషిద్ధమయ్యెను. 1920లో పాసుపోర్టు చట్టము వచ్చెను. అమెరికా మొదలైన దేశముల సంఘములనుండి ప్రభుత్వము వాగ్దానములు తీసికొనసాగెను: చట్టబద్ధమైన ప్రభుత్వమునకు విధేయులమై యుందుము, రాజకీయములలో తలదూర్చము, ఈ భావముతో పనిచేయువారినే పంపుదుము అని. గాంధీమహాత్ముని ఉద్యమము దేశమంతట చెలరేగి, పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమమును 1921లో గాంధీజీయే స్వయముగ ప్రారంభించిన దినములవి. కావలి, నెల్లూరు, రామాయపట్నములలోని అమెరికను గురువులు, తమ శిష్యులు ఖద్దరు ధరించి వీథులలో నడచుచుండగా, తమ దేశపు స్వాతంత్ర్యసమర కథను ఏ విధముగా పాఠము చెప్పిరో! రాజకీయము మాట్లాడనని వ్రాసియిచ్చిన వాగ్దానము తరగతి గది గడప దగ్గరనే ఆగునా? 1930లో మదుర ప్రాంతమున పనిచేయుచుండిన అమెరికను మిషనరీ రాల్ఫ్ రిచర్డ్ కైతాన్, గాంధీజీ మిత్రుడైన ఒక ఆంగ్లేయునకు ఆతిథ్యమిచ్చిన పాపమునకు దేశము విడువవలసివచ్చెను. వాగ్దానము ఎంతదూరము వర్తించునో దీనివలన తక్కినవారందరికిని తెలిసిపోయెను.

1939లో పరదేశీయుల నమోదు చట్టమును, 1946లో పరదేశీయుల చట్టమును వచ్చెను. స్వాతంత్ర్యము సిద్ధించిన పిదప మన ప్రభుత్వమే వీనిని అమలుపరచెను. 1950 దశకమున, భారతీయులు దొరకని పనులకు మాత్రమే క్రొత్త మిషనరీలను అనుమతించు విధానమును కేంద్రప్రభుత్వము అవలంబించెను. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లభాషా సంస్థ వెలసి, ఆంగ్లము చెప్పు భారతీయోపాధ్యాయులకు శిక్షణ నిచ్చుట కారంభించినది. నెల్లూరు బడులలో పరదేశి గురువుల సంఖ్య క్రమముగా సన్నగిల్లెను. వారు కట్టిన పాఠశాలలలో తెలుగువారే ప్రధానోపాధ్యాయులైరి. ఇది జరుగవలసినదే. కాని ఆ వృద్ధ గురువుల పేర్లు శిలాఫలకములపై మాత్రమే మిగిలి, వారి తెలుగు పలుకుబడిని, వారు గావించిన పరిశ్రమను జ్ఞాపకముంచుకొన్నవారు లేకపోవుట విచారకరము.

పాత చట్టములను కలిపివేసిన క్రొత్త చట్టము 2025 సెప్టెంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. నేడు ఆంగ్లదేశమునుండి గాని, అమెరికానుండి గాని ఒక ఉపాధ్యాయుడు నెల్లూరు పాఠశాలలో ఉద్యోగము చేయవలెనన్న ఉద్యోగ వీసా కావలెను. ఆ వీసాకు సంవత్సరమునకు ఒక కనీసపు జీతము ఉండవలెనన్న నియమము చిరకాలముగా నున్నది. ఈ నియమమునుండి కొందరికి మినహాయింపు ఉన్నది: స్వదేశపు వంటలు వండు వంటవారికిని, భాషాంతరీకర్తలకును, భాషోపాధ్యాయులకును. జర్మను భాష చెప్పువాడు, జపాను భాష చెప్పువాడు తక్కువ జీతమునకును రావచ్చును. ఆంగ్లము చెప్పువానికి మాత్రము ఆ మినహాయింపు వర్తింపదని నియమములలో స్పష్టముగా వ్రాసియున్నది. దేశమున ఆంగ్లోపాధ్యాయులకు కొరత లేదన్నది దీని భావము కావచ్చును. ఒకప్పుడు ఓడల కెదురుచూచిన నెల్లూరునుండి ఇప్పుడు ఆంగ్లము చెప్పగలవారు గల్ఫు దేశములకును, ఆఫ్రికాకును, అమెరికాకును పోవుచున్నారు. అచ్చటి కచ్చేరీలలో వారిని అడుగునది ఎవడవు, ఎచ్చటికి, ఎందులకు అను మూడు ప్రశ్నలతో నిలువదు. పట్టముల నకళ్లను, అనుభవ పత్రములను, ఆంగ్లము వారి మాతృభాష కాదు గనుక ఆంగ్లపరీక్షా ఫలితములను సైతము చూపుమందురు. సైదాపేటలో శిక్షణ పొందిన ఆ పూర్వపు పంతుళ్ల మనుమలు, మునిమనుమలు ఆ నాలుగవ ప్రశ్నకు సమాధానము చెప్పుచునే యున్నారు.